పేరు నొక్కితే చాలు

జూన్ 16, 2003. సోమవారం

మా బాస్ హేమచంద్ర గారు ఈ రోజు కూడా అదే మాట. "అసలు లాగిన్ సంగతి తర్వాత చూద్దామండి కుమారి గారూ. బుల్లబ్బాయి గారికి పాస్‌వర్డ్ ఇస్తే మర్చిపోతారు. మర్చిపోయి మనల్ని తిడతారు. పేరు నొక్కితే చాలు, లోపలికెళ్ళిపోవాలి. ఆయన సరే అనేదాకా అలాగే ఉంచండి."

పచ్చళ్ళ కొట్టు బుల్లబ్బాయి గారు సరే అనడం మామిడికాయల కాలం నుంచీ జరుగుతూనే ఉంది. మొదట్లో రెండు రోజుల కోసమని నేను రాసిన ఉత్తుత్తి లాగిన్ ఇప్పటికీ ఆయన కోసం మేం కడుతున్న సైటు గుమ్మంలో నిలబడే ఉంది. మొదటి పేజీలో మా ఆఫీసు వాళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. ఎవరి పేరు నొక్కితే వాళ్ళయిపోయి లోపలికి వెళ్ళిపోవచ్చు. ఆర్డరు పెట్టొచ్చు, చిరునామా మార్చొచ్చు, పేరు కూడా మార్చొచ్చు. నువ్వెవరివి అని అడిగే దిక్కు లేదు.

చిరునామాలు మాత్రం ఉత్తుత్తివి కావు. అది మా కక్కుర్తి. సైటులో ఆర్డరు పెడితే కొట్టు నుంచి నిజంగా సీసా కదలాలి, ఇంటికి చేరాలి, అప్పుడే నాకు నమ్మకం అన్నారు బుల్లబ్బాయి గారు. పరీక్ష కోసం వెళ్ళే సీసాకి డబ్బు కట్టక్కర్లేదని తెలిశాక ఆఫీసులో ఒక్కళ్ళు కూడా దొంగ చిరునామా ఇవ్వలేదు. నేనూ చిలకలగూడలో నేను అద్దెకుండే మేబెల్ ఆంటీ ఇంటి నంబరు, ఆవిడ ఫోన్ నంబరు, ఇంటిపేరుతో సహా నా పేరు, అన్నీ శుభ్రంగా ఎక్కించాను. మాగాయ వచ్చింది. మా విజయనగరం మాగాయ కాలిగోటికి సరిపోదు. అయినా ఉచితంగా వస్తే ఫినాయిల్ కూడా తాగుతారని ఊరికే అన్నారా.

వాన మొదలైంది. ఎడమ చెయ్యి లాగుతోంది. బాత్‌రూమ్‌లో జారిపడి విరిగిన చెయ్యి కదా, మబ్బు పడితే ముందు దానికే తెలుస్తుంది.

జూన్ 17

మేబెల్ ఆంటీ మాగాయని బ్రెడ్డు మీద రాసుకుని తింటోంది. ఆవిడ ఇల్లు, ఆవిడ బ్రెడ్డు.

జూన్ 19. గురువారం

ఇంటికి రాగానే గడియ వేశాను.

మధ్యాహ్నం సైటు ఎవరెవరు తెరిచారో చూస్తున్నాను. ఆఫీసు వాళ్ళం, కొట్టు వాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ఉన్నారు. కిందటి నెలలో ఎవరో వచ్చి, వరసగా మా పేర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోయారు. మనిషి కాదు. ఇంటర్నెట్‌లో వెతికిపెట్టే సైట్లు ఊరి మీదికి వదిలే ప్రోగ్రాం అది. కనబడిన లింకునల్లా నొక్కి, లోపల ఏముందో చదివి, అడిగినవాళ్ళకి చెప్పడానికి పట్టుకుపోతుంది. పాస్‌వర్డ్ ఉంటే గుమ్మం దగ్గరే ఆగిపోయేది. మాకు గుమ్మమే ఉంది, తలుపు లేదు. అది నా పేరు నొక్కింది. నేనైపోయి లోపలికి వెళ్ళింది.

వెతికే సైటులో నా పేరు కొట్టాను. పొట్నూరు కుమారి.

మొదటి వరసలోనే వచ్చింది. పేరు, ఇంటి నంబరు, చిలకలగూడ, సికింద్రాబాద్, ఫోన్. చివర్న "మీ గత ఆర్డరు: మాగాయ".

హేమచంద్ర గారికి చూపించాను. ఆయన నవ్వారు. "బాగానే ఉందే, ఫ్రీ పబ్లిసిటీ. అయినా మన పేర్లు ఎవరు వెతుకుతారండి?"

ఆఫీసు లెక్కలో నాకు పెళ్ళి కాలేదు.

జూన్ 21. శనివారం

రమణబాబుకి నా పేరు వెతికే తీరిక ఎక్కడిది. గాజువాకలో పొద్దున రెండు బ్యాచులు, సాయంత్రం రెండు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ అంతా అతని మీదే నడుస్తుంది. నేను వచ్చేసి దసరాకి ఏడాది అవుతుంది. ఈపాటికి మర్చిపోయి ఉంటాడు. మర్చిపోయాడనే అనుకుంటున్నాను.

ఇంటర్నెట్‌లో వెతకడం నాకు నేర్పినవాడు అతనే. అప్పటికి మాకు పెళ్ళి కాలేదు, నేను అతని క్లాసులో మూడో బెంచీ. మొదటి రోజు నా పేరే కొట్టించాడు. ఏమీ రాలేదు. "సూసేవా, లోకంలో నువ్వు లేవు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో.

మర్చిపోయి ఉంటాడు.

జూన్ 23. సోమవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి మేబెల్ ఆంటీ వరండాలో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. "కుమారీ, నీకు ఎవరైనా ఫోన్ చేస్తామన్నారా చైల్డ్? రెండుసార్లు మోగింది. నేను హలో అంటే అటు ఊపిరి పీల్చడం వినిపిస్తుంది, మాట రాదు."

రాంగ్ నంబర్ అయి ఉంటుంది అన్నాను.

ఆవిడ నా వంక చూసి, నీళ్ళు పోయడం ఆపి, మళ్ళీ పోసింది. రాంగ్ నంబరే. ఈ ఊళ్ళో లైన్లు అంతే.

జూన్ 24

మళ్ళీ మోగింది. ఈసారి నేను పక్కనే ఉన్నాను. ఎత్తలేదు.

జూన్ 27. శుక్రవారం

రెండు రోజులుగా ఎవరో బయటి నుంచి నా పేరు నొక్కి లోపలికి వస్తున్నారు. నా ఒక్క పేరే. బుల్లబ్బాయి గారి బంధువులెవరో సరదాకి చూస్తున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. మాగాయ కొనేవాడు చిరునామా పేజీ దగ్గర అంతసేపు ఎందుకు కూర్చుంటాడని అడిగే బుద్ధి కూడా నాకే ఉంది. దాని నోరు మూయించాను.

ఈ రోజు మధ్యాహ్నం నేను నా పేజీ తెరిచాను. పొట్నూరు కుమారి అని ఉండాల్సిన చోట గొర్లె కుమారి అని ఉంది.

గొర్లె అతని ఇంటిపేరు.

చిరునామా ముట్టుకోలేదు. ఫోన్ ముట్టుకోలేదు. నాలా లోపలికి వచ్చి, నా పేరు ముందు తన ఇంటిపేరు పెట్టి వెళ్ళాడు. దానికి తాళం అక్కర్లేని తలుపు కట్టిపెట్టింది నేను. దొంగ చేతికి తాళాలివ్వడం కాదు, దొంగకి ఎదురెళ్ళి కాళ్ళకి నీళ్ళిచ్చాను.

బాత్‌రూమ్‌లోకెళ్ళి వాంతి చేసుకున్నాను. బయటికొస్తే హేమచంద్ర గారు, "ఏమండి, ఏమైనా తేడా తిన్నారా?" అన్నారు. మాగాయ అన్నాను.

జూన్ 28. శనివారం

పేజీ తీసేద్దామనుకున్నాను. తీసేస్తే అది నిజమేనని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టు. అతను నా గురువు, నా బుర్ర ఎటు పోతుందో అతనికి తెలుసు. కాబట్టి తీసేయలేదు. మార్చాను.

చిలకలగూడ కొట్టేసి బోయిగూడ అని పెట్టాను. నోటికొచ్చిన ఇంటి నంబరు వేశాను. బోయిగూడలో నేను కాలు పెట్టింది లేదు, ఆ నంబరుకి ఇల్లు ఉండే అవకాశం లేదు. మేబెల్ ఆంటీతో, "ఎవరైనా నా కోసం అడిగితే ఖాళీ చేసి వెళ్ళిపోయిందని చెప్పండి" అన్నాను. ఎందుకని అడుగుతుందేమోనని ఒక కథ కూడా కట్టుకున్నాను. ఆవిడ అడగలేదు. "సరే చైల్డ్" అంది, అంతే. కట్టుకున్న కథ నాలోనే మిగిలిపోయింది.

సాయంత్రం ఫోన్ మోగింది. ఆంటీ ఎత్తింది. ఈసారి అటు మాట వచ్చింది. "నో, నో. వెకేట్ చేసింది. తెలియదు బాబూ." ఆ "బాబూ" విని నేను మంచం మీద కూర్చుండిపోయాను. మగగొంతు.

ఇల్లు మారిపోయాననుకుంటాడు. లేని ఇంటి కోసం బోయిగూడంతా తిరిగి తిరిగి వెళ్ళిపోతాడు. తిరగనీ.

జూన్ 30

అన్నం తిన్నాను. బాగానే తిన్నాను.

జులై 2. బుధవారం

కొట్టు నుంచి సీసాలు చేరవేసే దేముడుబాబు ఆఫీసుకి వచ్చాడు. శ్రీకాకుళం, మా వైపు మనిషే, మోపెడ్ మీద తిరుగుతాడు. "ఏటమ్మా కుమారమ్మా, ఇల్లు మారిపోనావా? సెప్పనేదే. నీ పేరు మీద మొన్న గోంగూర బోయిగూడ ఎల్లింది."

వెళ్ళడమేమిటి అన్నాను.

"ఎల్లింది గదా. ఇచ్చీసేను. ఎవురో కమలాబాయమ్మంట, తీసుకున్నాది. ఈ పిల్ల ఎవుర్రా అని అడిగింది కూడా."

నేను నోటికొచ్చిన నంబరు వేశాను. ఆ నంబరుకి ఇల్లుంది, గుమ్మముంది, ఒక ఆవిడ ఉంది. పరీక్ష కోసం సోమవారాలు వాటంతటవే వెళ్ళే ఆర్డర్లు నేను రాసినవే, అవి ఉన్నాయని నేనే మర్చిపోయాను.

"ఇంకోటమ్మా" అన్నాడు దేముడుబాబు. "ఆ కుమారిని ఎతుక్కుంటా నిన్న మరొకాయన కూడా ఒచ్చేడంట, పొద్దున అటేపెల్తే ఆవిడే సెప్పింది. ఆడి పెళ్ళామంట. నాను ఆ కుమారి నువ్వు కాదనీసుకున్నాను. నీకు పెళ్ళి అవనేదు గదా."

కాలేదు అన్నాను.

ఊళ్ళోకి వచ్చేశాడు.

జులై 3. గురువారం

ఆ ఇంటికి నేను ఎందుకు వెళ్ళాలి. నాకు వాళ్ళెవరో తెలియదు. కుమారి ఎవరో తెలియదంటారు, పంపేస్తారు, అయిపోతుంది.

కానీ సీసా మీద కొట్టు పేరుంటుంది. సీసా చూపిస్తే కొట్టుకి వెళ్తాడు. కొట్టులో ఎవరినడిగినా రెజిమెంటల్ బజార్‌లో మా ఆఫీసు చూపిస్తారు. మెట్లెక్కితే రెండో గది. అక్కడ నేను కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాను.

వెళ్ళాలి.

రేపు వెళ్తాను.

జులై 4. శుక్రవారం

ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసి బోయిగూడ వెళ్ళాను. ఆటో దిగాక, అతను ఎప్పుడూ వేసే నీలం చొక్కా ఎవరి మీద కనబడినా అతనే అనిపించింది. ఒక కిరాణా కొట్టులో అక్కర్లేని సబ్బు కొని, అక్కడే కాసేపు నిలబడి, చుట్టూ చూసి అప్పుడు గల్లీలోకి వెళ్ళాను.

కమలాబాయి అరవై దాటిన మనిషి. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను కుమారిని అనగానే పళ్ళెం పక్కన పెట్టింది.

"నువ్వేనా! ఏందమ్మా, గీ సీస నీదేనా? తిన్నం, జెర ఉప్పెక్కువుంది. కూసో, కూసో. నీ కోసం మీ ఆయన ఎంత పరేషాన్ అయితున్నడో ఎర్కేనా? పాపం, గీడనే కూసోని కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. పెండ్లాంకి దిమాక్ ఖరాబైంది, చెప్పకుంట ఇల్లిడిసిపోయింది అన్నడు. చాయ్ తాపిచ్చిన. గల్లీల అందరికి చెప్పిన, అందరం ఎతుకుతున్నం. ఆదివారం మళ్ళొస్తడు."

నా కోసం గల్లీ అంతా వెతుకుతోంది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అతను గుమ్మంలోకి వచ్చి మొగుణ్ణి అన్నాడు. అంతే. ఎవరూ ఇంకేమీ అడగలేదు. నేను రాసిన లాగిన్ కూడా ఇంతే కదా. పేరు నొక్కితే చాలు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. చాయ్ కూడా ఇస్తారు.

"ఆయనతో నా గురించి చెప్పకండి" అన్నాను. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"గదేందమ్మా? మొగడు పెండ్లాం అన్నంక లొల్లిలుంటయ్."

అప్పుడు ఎడమ జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించాను. మోచేతి దగ్గర ఎముక అతుక్కున్న చోట వంకర ఉంది. ఎలా విరిగిందో చెప్పాను. ఇంతవరకు ఎవరితో చెప్పలేదు, మా అమ్మతో కూడా. ఏ పరిచయం లేని మనిషికి, చింతపండు ముందు కూర్చుని చెప్పాను. ఇక్కడ మాత్రం రాయలేను.

కమలాబాయి చేతికంటిన చింతపండు కొంగుకి తుడుచుకుంది. తర్వాత నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "మరి నాకు గట్ల చెప్పకపాయె వాడు" అంది. గొంతులో కోపం. ముందు అతని మీద అనుకున్నాను, కాదు, చాయ్ ఇచ్చినందుకు తన మీద.

జులై 5. శనివారం

హేమచంద్ర గారు పెద్ద హుషారు మీదున్నారు. బుల్లబ్బాయి గారు ఎట్టకేలకి సరే అన్నారట, ఇక అసలు లాగిన్ రాయాలి. "పాస్‌వర్డ్ మర్చిపోయేవాళ్ళకి ఒక రహస్య ప్రశ్న పెట్టండి. ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియని జవాబు ఉండాలి. మూడుసార్లు తప్పు చెబితే ఖాతా మూసేయాలి."

రాస్తూ రాస్తూ ఆగిపోయాను.

కొంచెం దూరం పెరిగాక ఆలోచన మంచిదో చెడ్డదో తెలుస్తుందంటారు. నాకు దూరం లేదు. రేపే ఆదివారం. సాయంత్రం మళ్ళీ బోయిగూడ వెళ్ళి కమలాబాయికి చెప్పాను. ఆవిడ విని, తొడ మీద చరుచుకుంది.

"నువ్వు లోపల కూసో. బయట నేను సూస్కుంట."

దీనికి ధైర్యం అని పేరు పెట్టను. పారిపోవడానికి ఈసారి ఎటూ తోచలేదు, అంతే.

జులై 6. ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి మార్చి రాసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పొద్దున్నే వెళ్ళి కమలాబాయి వంటింట్లో, పరదా వెనక, పీట మీద కూర్చున్నాను. అతను వచ్చాడు. ముందు చెప్పుల చప్పుడు వినిపించింది. ఏడాది దగ్గరకొస్తోంది, అయినా నేను ఆ చప్పుడు మర్చిపోలేదు. స్వీట్ల పెట్టె తెచ్చాడు. గల్లీ వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు, ఎదురుగా పాన్ డబ్బా ఆయన, పక్కింటి వాళ్ళు, ఇంకొందరు. ఆదివారం కదా, అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు.

"కూసో బాబూ" అంది కమలాబాయి. "పిల్ల ఆచూకీ దొరికింది."

"మీ రుణం తీర్చుకోలేనమ్మా" అన్నాడు. ఎంత మెత్తటి గొంతు. నాకే జాలేసింది. నిజంగా వేసింది, అది కూడా రాయాలి.

"గని ఉత్తగనే అడ్రసు ఇయ్యం గద. నువ్వు మొగనివే అని మాకెట్ల ఎర్క? రేపు ఇంకెవడన్న వచ్చి నేనే మొగన్ని అంటడు. ఒక్క మాట అడుగుత. దాని ఎడమ చెయ్యి ఎట్ల ఇరిగింది?"

స్వీట్ల పెట్టె కింద పెట్టిన చప్పుడయింది.

"చెయ్యా? అదేటమ్మా... బాత్‌రూమ్‌లో జారి పడిపోయింది."

"గలత్" అంది కమలాబాయి.

అతను నవ్వాడు. "ఏటమ్మా, పరీక్షా? సరే, అది స్కూటర్ మీంచి పడిందండి. ఆస్పత్రిలో కూడా అలాగే రాయించాం."

"గలత్."

"ఏం సార్," అన్నాడు పాన్ డబ్బా ఆయన, "జారిందా, స్కూటరా? ఒక్క చెయ్యి ఎన్ని తీర్ల ఇరుగుతది?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అతని గొంతు మారింది. ఆ గొంతు కూడా నాకు తెలుసు. "అది లోపలే ఉంది కదా? పిలవండి దాన్ని. మొగుడూ పెళ్ళాల మధ్య మీరెవరు?" కుర్చీ వెనక్కి జరిగింది. పరదా కింద నుంచి గడప మీద అతని కాలు కనబడింది.

నేను గోడ పట్టుకుని లేచాను. కమలాబాయి బయటికి రావద్దనే చెప్పింది. కానీ ఆ కాలు ఇంకో అడుగు లోపలికి వస్తే నేను మళ్ళీ జన్మలో మాట్లాడలేనని తెలిసింది. పరదా తీశాను.

"మూడోది నువ్వే చెప్పు రమణబాబూ" అన్నాను.

ఎప్పుడూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. పెళ్ళికి ముందు సార్, తర్వాత ఏవండీ. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, అందరికీ వినబడే ఉంటుంది. "నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు నా మొగుడివైతే చెప్పు. నా చెయ్యి ఎలా విరిగింది?"

అతను నన్ను చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. వాళ్ళంతా జవాబు కోసం ఆగి ఉన్నారు. చెబితే మొగుడే. చెప్పకపోతే కాదు. గడప మీద నుంచి కాలు తీశాడు.

"మూడుసార్లు అయినయ్" అంది కమలాబాయి. "ఇగ దర్వాజ బంద్. పో."

వెళ్ళాడు. గల్లీ చివరిదాకా పాన్ డబ్బా ఆయన, ఇంకో ఇద్దరు వెనకే నడిచారు. స్వీట్ల పెట్టె అక్కడే ఉండిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు. నేను గడప దగ్గరే కూలబడ్డాను. కమలాబాయి చాయ్ ఇస్తే సగం చీర మీదే పోసుకున్నాను.

మళ్ళీ రాడని కాదు. రావచ్చు.

జులై 7. సోమవారం

హేమచంద్ర గారికి చెప్పాను. పెళ్ళయిందనీ, వదిలేసి వచ్చాననీ, ఎవరైనా వచ్చి నా మొగుణ్ణంటే పైకి రానివ్వొద్దనీ. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టి, "ఆ రోజు నవ్వానండి నేను. మీరు ముందే చెప్పాల్సింది" అన్నారు. మధ్యాహ్నానికల్లా పేర్ల పేజీ తీయించేశారు. వెతికే సైటు వాళ్ళకి కూడా మా పాత పేజీలు తీసేయమని రాశారు. తీస్తారో లేదో.

రాత్రికి మేబెల్ ఆంటీకి కూడా చెప్పాను. ఫోన్ ఎవరిదో ఆవిడ మొదటి రోజే ఊహించిందట. నేను చెప్పేదాకా ఆగిందట.

జులై 9. బుధవారం

అసలు లాగిన్ పనిచేస్తోంది. బుల్లబ్బాయి గారు మొదటి రోజే పాస్‌వర్డ్ మర్చిపోయారు. రహస్య ప్రశ్న అడిగింది, మొట్టమొదట పెట్టిన పచ్చడి ఏది అని. నిమ్మకాయ అని కొట్టి లోపలికి వెళ్ళి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

ఇంటికి రాగానే గడియ రెండుసార్లు చూశాను. ఇప్పుడు మళ్ళీ లేచి చూసి వచ్చాను. భయం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు.

అందరి ఖాతాలూ పరీక్షించాలి కాబట్టి నాదీ కొత్తగా తెరిచాను. పేరు పొట్నూరు కుమారి. చిరునామా దగ్గర ఆఫీసుది పెట్టాను. రహస్య ప్రశ్న దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అమ్మ పుట్టిన ఊరు, ఇష్టమైన కూర, చదివిన బడి, ఏది పెట్టినా అతనికి తెలుసు. అతను చెప్పలేనిది ఒక్కటే ఉంది.

ప్రశ్న: ఎడమ చెయ్యి ఎలా విరిగింది?

జవాబు: పారిపోతుంటే పట్టుకుని, తలుపు సందులో పెట్టి మూశాడు.

అక్కడ రాశాక ఇక్కడ రాయడం అంత కష్టం కాలేదు.